పెళ్ళికి ముందు కెమికల్ పీల్ చేయించాలా?

పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడితే తల్లులు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, అమ్మాయి ముఖానికి పీల్ చేయిస్తే తెల్లబడుతుందా?" మా జవాబు ఒక్కటే. తెల్లబడదు. పీల్ మచ్చలకు, మొటిమలకు చేసే వైద్యం. పుట్టుకతో వచ్చిన రంగును అది మార్చదు.

ఒక యాసిడ్‌ను కొలత ప్రకారం ముఖానికి పూసి, చర్మం పై పొర రాలి కొత్త పొర వచ్చేలా చేయడమే పీల్. ఎక్కువగా వాడేది గ్లైకాలిక్ యాసిడ్. ఇది చెరకులోనూ ఉంటుంది. మొటిమలకు సాలిసిలిక్ యాసిడ్ వాడతారు. పెరుగులోని లాక్టిక్ యాసిడ్ కూడా ఈ కోవలోదే కనుక మన పెద్దలు శనగపిండిలో పెరుగు కలిపి నలుగు పెట్టడం ఉత్తమాట కాదు. అలాగని నిమ్మకాయ కోసి ముఖానికి రుద్దుకోకండి. ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి.

చర్మ వైద్యులు మొదటి రోజే పీల్ చేయరు. రెండు నుండి నాలుగు వారాలు సన్‌స్క్రీన్, రాత్రి పూతమందు వాడించి చర్మాన్ని సిద్ధం చేస్తారు. గర్భవతులా, మొటిమలకు మాత్రలు వాడుతున్నారా, పెదవులపై జ్వరపు పొక్కులు వస్తుంటాయా అని అడుగుతారు. దాచకుండా చెప్పండి. చేసే రోజున కళ్ళ మూలలకు, పెదవులకు వ్యాజిలిన్ రాసి మందు పూస్తారు. కొద్ది నిమిషాలు చురుక్కుమని మండుతుంది. ఓర్చుకోలేనంత మండితే వెంటనే చెప్పాలి, సిగ్గుపడకూడదు. ఒకటి రెండు రోజులు ఎర్రగా ఉండి, తర్వాత వారం లోపల పొట్టు రాలుతుంది. దాన్ని గిల్లకూడదు. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకొకసారి, నాలుగు నుండి ఆరు సార్లు చేయవలసి వస్తుంది. అందుచేత పెళ్ళి పది రోజుల్లో పెట్టుకుని పరుగెత్తడం దండగ. పొట్టు రాలే ముఖంతో పీటల మీద కూర్చోవలసి వస్తుంది.

మనవంటి చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. కాస్త కాలినా ఆ చోట నల్లగా మారుతుంది. ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది. మందు శాతం, ఉంచే నిమిషాలు తెలియని చేతుల్లో అందుకే భయం. బ్యూటీ పార్లర్‌లో తక్కువకు చేస్తామన్నా మేము వద్దనే చెప్తాము.

కాన్పుల తర్వాత వచ్చే మంగు మచ్చలు పీల్‌తో తగ్గవచ్చు గానీ, ఎండ తగిలితే మళ్ళీ వస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేనులో ఉండే తల్లికి మేము పీల్ సలహా ఇవ్వము. ఆ డబ్బుతో వెడల్పాటి టోపీ, ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ కొనుక్కోవడం నయం.

మేము మరీ భయపడేది మందుల షాపులో చేతికిచ్చే తెల్లబరిచే క్రీములకు. వాటిలో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పూసిన కొత్తలో మెరుపు, మానేస్తే మంట, ఎరుపు, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు. స్టెరాయిడ్ ఉన్న పూతమందులు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవారున్నారు. అలాంటిది వాడుతున్న ముఖానికి పీల్ చేస్తే ఇంకా ప్రమాదం.

పరమగీతములోని పెండ్లికుమార్తె ద్రాక్షతోటలు కాసి ఎండకు నల్లబడినదే. ఆదివారం ఆ మాటలు విని, సోమవారం కోడలి రంగు గురించి బేరాలాడే ఇళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నాయి. అబ్బాయి తరపువారు రంగు ఎత్తితే అక్కడే ఆపవలసింది పెద్దలు. పిల్ల ముఖానికి యాసిడ్ పూయించడం దానికి మందు కాదు.

మచ్చలతో నిజంగా బాధపడుతుంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. వాడుతున్న క్రీము ట్యూబులన్నీ వెంట తీసుకెళ్ళండి. ఇప్పటికే ఎక్కడో చేయించుకుని ముఖం కాలితే చల్లని నీళ్ళు ధారగా పోయండి. పసుపు, టూత్‌పేస్ట్, సిరా ఏదీ రాయకుండా అదే రోజు వైద్యుని దగ్గరకు వెళ్ళండి.