పుండు మానితే ప్రమాదం ముగిసినట్టేనా?



మన ప్రాంతంలో ద్విచక్ర వాహనం మీది నుంచి పడి లేచినవారి నోట తొలుత వచ్చే మాట ఒకటుంది: "ఏం కాలేదు." బట్టల దుమ్ము దులుపుకొని, వంకరపోయిన అద్దాన్ని సరిచేసుకొని, మోకాలి నెత్తుటిని చేతిరుమాలుతో అద్దుకొని, చుట్టూ చేరినవారికి ఆ మాట చెప్పి బండి స్టార్టు చేస్తారు. ఇంట్లోవాళ్లు కంగారు పడితే వారికీ అదే సమాధానం. ఆ మాటలోని ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. వైద్యుడిగా మాత్రం దానిని అంగీకరించలేను.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. చిన్న ప్రమాదం జరిగినప్పుడు మనం రెండు విధాల పొరబడుతున్నాం. దేహానికి ఇవ్వవలసిన శ్రద్ధ ఇవ్వము. మనసుకు ఇవ్వకూడని భయం ఇస్తాము. మొదటి దానివల్ల చిన్న దెబ్బ పెద్ద వ్యాధిగా మారే అవకాశం ఉంది. రెండవ దానివల్ల దెబ్బ మానినా మనిషి కోలుకోలేడు. ప్రమాదం పెద్దదా చిన్నదా అన్నది ఆనాడు కారిన నెత్తుటిని బట్టి తేలదు. అది తేలడానికి కొన్ని సందర్భాల్లో ఆరు వారాలైనా పడుతుంది.

మన దారులు, మన దెబ్బలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల మధ్య తిరిగేవారికి ఈ దారుల స్వభావం నేను చెప్పనక్కరలేదు. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మా తరం దానిని 9వ నంబరు రోడ్డుగా ఎరుగును, ఇప్పుడది 65. నాలుగు వరుసలైన తరువాత వేగం పెరిగింది. యూటర్న్ దాకా పోవడానికి బద్ధకించి ఎదురుదారిలో వచ్చే బండ్లు ఆ వేగానికి ఎదురు నిలుస్తున్నాయి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి, ఆ వడ్లను ఆడించే రైసు మిల్లులు, వాటి చుట్టూ తిరిగే ట్రాక్టర్లు, లారీలు. హుజూర్‌నగర్ పరిసరాల్లో సిమెంటు లారీలు అదనం.

కోతల కాలంలో వడ్లను రోడ్డు మీదనే ఆరబోస్తారు. ఆరిన గింజల మీద ముందు చక్రం జారితే ఎంతటి నేర్పరి అయినా నిలదొక్కుకోవడం కష్టం. కుప్ప మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు. కల్లం లేని రైతు రోడ్డుకు వస్తున్నాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. చీకటి పడేలోగా ఆ రాళ్లను పక్కకు తీయించే బాధ్యతను ప్రతి ఊరూ తీసుకుంటే ఎన్నో మోకాళ్లు దక్కుతాయి.

2022లో దేశవ్యాప్తంగా రహదారి ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారనీ, 4,43,366 మంది గాయపడ్డారనీ కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. మృతుల్లో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వడ్ల మీద జారి మోచేయి గీసుకుపోయి, ఆసుపత్రికి గానీ పోలీసు స్టేషనుకు గానీ పోకుండా ఇంటికి చేరినవారు ఈ లెక్కలోకి రారు. ఈ వ్యాసం వారి కోసమే.

మొదటి రోజు

గీరుగాయాన్ని ధారగా పడే శుభ్రమైన నీటితో, సబ్బుతో కనీసం ఐదు నిమిషాలు కడగండి. మంట పుడుతుంది, భరించాలి. ఇసుక, కంకర రేణువులు చర్మంలో ఉండిపోతే చీము పట్టవచ్చు. మానిన తరువాత కూడా నల్లని మచ్చలు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. పసుపు, కాఫీపొడి, సున్నం, టూత్‌పేస్టు వంటివేవీ పుండు మీద పెట్టకండి. గాలికి ఆరితేనే పుండు మానుతుందన్న నమ్మకమూ సరైనది కాదు. పలుచగా వాజలీన్ రాసి, అంటుకోని గాజుగుడ్డతో కప్పి, రోజూ కట్టు మార్చిన గాయం త్వరగా మానుతుంది.

ధనుర్వాతపు క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. మన రోడ్లపై ఈ రెండింటికీ కొదవ లేదు. క్రిమి ప్రవేశించిన తరువాత వ్యాధి లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల లోపు కనిపిస్తాయి. పుండు మూసుకుపోయాక కూడా దవడలు బిగుసుకుపోవచ్చునన్న మాట. మనం టీటీ అని పిలుచుకొనే సూదికి బదులు ఇప్పుడు ధనుర్వాతంతోపాటు డిఫ్తీరియాను కూడా నివారించే టీడీ సూది ఇస్తున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. మట్టి చేరిన గాయమైతే, చివరి సూది వేయించుకొని 5 ఏళ్లు దాటినవారు తప్పక వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయానికి 10 ఏళ్ల వ్యవధి సరిపోతుంది. ప్రతి చిన్న గీతకూ ఏటేటా పొడిపించుకోనక్కరలేదు. ఎన్నడూ వేయించుకోకుండా ఉండనూ కూడదు. ఇంట్లో పెద్దలు దిష్టి తీస్తామంటే తీయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. దానితోపాటు సూది కూడా పడనివ్వండి.

తొలి రెండు దినాలు

తలకు దెబ్బ తగిలినవారిని 48 గంటలు ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, ఫిట్స్, అడిగినదే మళ్లీ అడగడం, ముక్కు లేదా చెవి నుంచి నెత్తురు గానీ నీరు గానీ కారడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలినవారిని నిద్రపోనివ్వకూడదని మన వాళ్లు రాత్రంతా మేలుకొలుపుతారు. నిద్ర దోషం కాదు. పిలిస్తే లేచి, సరిగా సమాధానం చెబుతున్నారా లేదా అన్నది ముఖ్యం. మద్యం తాగి పడినవారి విషయంలో మత్తుకూ మెదడు దెబ్బకూ తేడా ఇంట్లో తెలియదు. అటువంటివారిని ఆసుపత్రికే తీసుకుపోవాలి. గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు, తలకు తగిలిన దెబ్బ ఎంత స్వల్పమైనా, అదే రోజు వైద్యునికి చూపించి ఆ మాత్రల పేర్లు చెప్పాలి.

హ్యాండిల్ పొట్టలో పొడుచుకున్నప్పుడు పైకి చిన్న కమిలిన మచ్చ మాత్రమే కనిపించవచ్చు. లోపల ప్లీహానికి దెబ్బ తగిలితే ఎడమవైపు పైపొట్టలో, ఒక్కొక్కసారి ఎడమ భుజం కొసలో నొప్పి వస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరిగినా, మూత్రంలో నెత్తురు కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి.

తొలి రెండు వారాలు

పడుతూ అరచేయి నేలకు ఆనించినవారు మణికట్టును పరీక్షించుకోవాలి. బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. అందుచేతనే అనుమానం ఉంటే చేయి కదలకుండా కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీయమంటాము. "మొదటి ఫొటోలో ఏమీ లేదన్నారు గదా" అని రెండవసారి రానివారు ఎందరో. ఆ ఎముకకు రక్తప్రసరణ తక్కువ. అతకకుండా ఉండిపోతే కొన్నేళ్లకు మణికట్టు అరిగిపోయి, బిందె ఎత్తడం కూడా కష్టమవుతుంది.

కొత్త బెణుకును నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించకండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాల చొప్పున పెట్టి, కాలును ఎత్తులో ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే అవసరం. నాటు కట్టు గానీ ఆసుపత్రి కట్టు గానీ, వేసిన తరువాత వేళ్లు తిమ్మిరెక్కినా, నీలిరంగుకు మారినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా వెంటనే విప్పించండి. ఆ విషయంలో గంటలు కూడా విలువైనవే. బీపీ, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవారు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగకూడదు.

ఇక పథ్యం సంగతి. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో గాయపడినవారికి పప్పు మానిపిస్తారు. గుడ్డు, మాంసం కూడా వద్దంటారు. చీము పట్టడానికి కారణం సూక్ష్మజీవులు, పప్పు కాదు. కొత్త చర్మం పుట్టడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు తినండి. మధుమేహం ఉన్నవారు గాయం మానేవరకు చక్కెర పరీక్ష తరచుగా చేయించుకోండి.

ఆరు వారాల దాకా

అరవై దాటినవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి తల లోపల నెత్తురు చుక్కచుక్కగా చేరి, కొన్ని వారాల తరువాత బయటపడవచ్చు. నడక తూలడం, మతిమరుపు, మందకొడితనం కనిపిస్తే "ముసలితనం" అని సరిపెట్టుకోకండి. నెల క్రితం బండి మీది నుంచి పడ్డారన్న సంగతి వైద్యునికి గుర్తుచేయండి. సకాలంలో గుర్తిస్తే చికిత్సతో మళ్లీ మామూలుగా తిరిగేవారు చాలామంది.

మనసుకు తగిలిన దెబ్బ

ఇంతవరకు చెప్పినది దేహం మాట. పడిన తరువాత కొన్ని రోజులు లారీ హారన్ వింటే గుండె దడదడలాడటం, ఆ మలుపు దగ్గరకు రాగానే చేతులు చెమర్చడం, రాత్రి కలలో మళ్లీ పడటం సహజం. ఇది పిరికితనం కాదు. ఆపదను గుర్తుపెట్టుకొనే మెదడు తన పని తాను చేస్తోంది. చాలామందిలో కొద్ది వారాల్లోనే ఇది తగ్గుతుంది. నెల దాటినా తగ్గక, పనికి పోవడం మానుకొనే స్థితి వస్తే మానసిక వైద్యుని కలవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ దశలో ఇంట్లోవారు చేసేది తరచుగా రెండింటిలో ఒకటి. కొడుకు అయితే "మొగోడివి, గింత దానికే భయమా?" అని ఎగతాళి. కూతురో కోడలో అయితే "బిడ్డా, ఇక బండి ముట్టకు" అని తాళం తీసి బీరువాలో పెట్టడం. మొదటిది భయాన్ని దాచుకోమంటుంది. రెండవది భయాన్ని శాశ్వతం చేస్తుంది. స్కూటీ మీద పల్లెకు పోయి పాఠం చెప్పే టీచరమ్మకూ, డ్యూటీకి పోయే నర్సుకూ ఆ తాళమే ఉద్యోగం. పాలు పోసే మనిషికీ, పార్సిళ్లు అందించే కుర్రవానికీ బండి ఎక్కని రోజు కూలి లేని రోజు. చిన్న ప్రమాదం ఒకరి బతుకుదెరువును మూసివేయడానికి కారణం కారాదు. అదే ఇంట్లో కొడుకు పడితే ఎవరూ తాళం దాచరన్న సంగతి కూడా తల్లిదండ్రులు ఆలోచించాలి.

2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన సమీపంలో నటుడు సాయి ధరమ్ తేజ్ మోటారు సైకిల్ మీది నుంచి పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. హెల్మెట్ ధరించి ఉన్నారు. కాలర్ బోన్ విరిగింది; వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన "విరూపాక్ష" చిత్రం 2023 ఏప్రిల్‌లో విడుదలైంది. అది చిన్న ప్రమాదం కాదు, నిజమే. అయినా ఆయన తీసుకున్న వ్యవధిని అందరమూ మెచ్చుకున్నాము. మన పక్కింటి మిల్లు కూలీకి మాత్రం రెండు రోజులకు మించి విశ్రాంతి ఎందుకని అడుగుతాము. కోలుకోవడానికి సమయం అందరికీ కావాలి.

మళ్లీ బండి ఎక్కేముందు

మెడ నొప్పి లేకుండా రెండు వైపులా తిరుగుతోందా? రెండు చేతులూ బ్రేకును, క్లచ్‌ను పూర్తిగా బిగించగలవా? కాలు నేలకు ఆనించి బండి బరువు ఆపగలదా? కళ్లు తిరగడం పోయిందా? మత్తు కలిగించే మాత్రలు ఆపివేశారా? వీటన్నిటికీ అవునన్నదే సమాధానమైతే బయలుదేరండి. అంతకుముందు మెకానిక్కుతో హ్యాండిల్, ఫోర్కు, బ్రేకులు చూపించండి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకండి. పైకి పగులు కనిపించకపోయినా లోపలి థర్మోకోల్ నలిగి ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న కొత్తది కొని, పట్టీ బిగించుకోండి.

మొదటి రోజు ఉదయం మీ వీధిలో పది నిమిషాలు. తరువాత బజారు దాకా. ఆ తరువాత పడిన చోటికి, కావలసినవారిని ఎవరినైనా వెనుక కూర్చోబెట్టుకొని. జాతీయ రహదారి చివరకు. భయం మెట్లు మెట్లుగానే దిగుతుంది.

మరొక మాట. పడినవారికి సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న అనుమానం ఇంకా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్, సద్బుద్ధితో ఆదుకున్నవారికి రక్షణ ఇస్తోంది. వివరాలు చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రహదారి ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స లభిస్తుంది. కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రులు, సూర్యాపేటలో 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నాయి. ఓపీ చీటీ, ఎక్స్‌రే భద్రంగా దాచుకోండి.

ఈ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు రెండు విషయాలు కనుక్కోండి. ఎవరెవరు చివరిసారి ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారు? ఈ ఏడాది బండి మీది నుంచి పడి, ఇంట్లో చెప్పనివారు ఎవరైనా ఉన్నారా? రెండవ ప్రశ్నకు సమాధానం వస్తే కోప్పడకండి. ముందు పూర్తిగా వినండి.