పొద్దున్న పేచీకి మందు రాత్రి దగ్గరుంది

బెడోక్‌లో చిన్నపిల్లలున్న తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఈ మాట వినపడుతుంది: "పొద్దున్న ఏం పెట్టినా తినడండీ, ఒకటే ఏడుపు. మైలో కలిపితేనే నోరు తెరుస్తాడు." ఇక అక్కణ్ణుంచి చర్చ ఓట్సా, కార్న్‌ఫ్లేక్సా, కాయా టోస్టా, మన పెసరట్టా అన్నదాని మీదకి పోతుంది. నా మటుకు నాకు అది రెండో ప్రశ్న. రాత్రి ఎన్నింటికి పడుకున్నాడన్నది మొదటిది.

ముందు ఇక్కడి గడియారం సంగతి చూడండి. రేఖాంశం లెక్కన సింగపూర్ గ్రీనిచ్‌కి దాదాపు ఏడు గంటలు ముందుండాలి. 1982 జనవరి 1 నుంచి ఎనిమిది గంటలు ముందుంటోంది. అందుకే ఏడాది పొడుగునా ఏడింటి ప్రాంతంలో గానీ సూర్యుడు రాడు. అదే విజయవాడలో వేసవిలో ఐదున్నరకే తెల్లారిపోతుంది. ఏడున్నర బడికి ఆరున్నర బస్సెక్కే పిల్లాడు టిఫిను తినేది చీకట్లోనే. వాడి ఒంటికి అది ఇంకా రాత్రే!

మెదడులోని పెద్ద గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. కాలేయంలాంటి చోట్ల ఉండే చిన్న గడియారాలని తిండి వేళలు సరిచేస్తాయి. ఇక గుడ్డు, పాలు, పప్పుల్లో ట్రిప్టోఫాన్ ఉంటుంది. ఒంట్లో దాన్నుంచి సెరొటోనిన్, దాన్నుంచి రాత్రి నిద్రకి పనికొచ్చే మెలటోనిన్ తయారవుతాయి. జపాన్‌లో కోచి విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ప్రచురించిన పరిశోధనలో, టిఫినులో ఇది తక్కువైన చిన్నపిల్లల్లో ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేచే ధోరణి కనిపించింది. అంతమాత్రాన గుడ్డు పెట్టగానే నిద్ర కుదురుతుందనుకోకండి. పెందరాళే లేచిన పిల్లకి ఆకలీ ఉంటుంది, కూర్చుని తినే తీరికా ఉంటుంది. ఏది కారణమో, ఏది ఫలితమో అంత తేలిగ్గా తేలదు.

మరి మన ఇళ్ళల్లో రాత్రిళ్ళు ఎలా ఉంటాయి? ఆఫీసునుంచి వచ్చేసరికి ఏడున్నర, భోజనాలు తొమ్మిదింటికి. ఆ తర్వాత ఇండియా ఫోను. అమ్మమ్మకి ఎనిమిదైతే మనకి పదిన్నర. ముద్దులూ మురిపాలూ అయ్యేసరికి పదకొండు. ఆరేళ్ళవాడికి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. ఆరింటికి లేవాలంటే తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి. నిద్ర చాలకపోతే పిల్లలు మనలా కునికిపాట్లు పడరు. చిరాకు పడతారు, గెంతుతారు, ఏడుస్తారు. దానికి మనం పెట్టే పేరు మొండితనం!

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఏడింటికి భోజనమా అంటారు. నిజమే, కష్టమే. పిల్లలకి ముందు పెట్టేసి, కలిసి తినడం శని ఆదివారాలకి ఉంచుకోవచ్చు. అమ్మమ్మని ఇండియా టైము అయిదింటికే పిలవొచ్చు, మనకి అప్పుడు ఏడున్నర. పొద్దున్న నిద్రమత్తులో ఇడ్లీలన్నీ కుక్కక్కర్లేదు. సగం గుడ్డో, కాసిని పాలో చాలు. మిగతాది, పెసరట్టు చుట్టి డబ్బాలో పెడితే, ఆకలేసినప్పుడు రిసెస్‌లో తింటాడు.

కొత్త డబ్బా కొనేముందు ఓ రెండు వారాలు పడక వేళ మార్చి చూడండి. అప్పటికీ తినకపోతే అప్పుడు మెనూ మాట్లాడుకుందాం.