నడిచేవాళ్ళు ట్రాఫిక్ కారా?

మాది దొరవారిసత్రం. నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ మధ్యన, మద్రాసు దారిలో ఉంటుంది. పేరులోనే సత్రం ఉంది చూశారూ, అదే నాకు గర్వం. సత్రమంటే దారిన పోయేవాళ్ళు మూట దించుకుని, కాళ్ళు కడుక్కుని, ఇంత తిని నడుం వాల్చే చోటు. దారి నడిచేవాళ్ళది అని లోకం ఒప్పుకున్న కాలం నాటి మాట అది. ఇప్పుడు ఆ దారి జాతీయ రహదారి అయింది. పక్కన నిలబడ్డ మనిషి కోసం ఏ బండీ వేగం తగ్గించదు. మా నేలపట్టు చెరువుకు ఏటా వచ్చే గూడబాతులకు రక్షిత కేంద్రం ఉంది. చేతిలో సంచీతో నడిచే ఆడదానికే ఎక్కడా లేదు.

ఈ గోడంతా ఎందుకంటే, ఆ మధ్య మా ఆడపడుచు కూతురి పెళ్ళికని అత్తయ్యను తీసుకుని హైదరాబాదు వెళ్ళాను. పెళ్ళికూతురికి లాడ్ బజారు లక్క గాజులే కావాలిట. మదీనా దగ్గర దిగాం. రోడ్డు దాటితే పత్తర్‌గట్టి, నాలుగడుగులు వేస్తే చార్మినార్. కానీ దాటడం ఎలాగ? పావుగంట నిలబడ్డాం. అత్తయ్య చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది. ధైర్యం చేసి అడుగు ముందుకేశామో లేదో, స్కూటరు మీద ఒకాయన మా కాళ్ళ దగ్గర బ్రేకు కొట్టి, “ఏందమ్మా, ట్రాఫిక్‌కు అడ్డమొస్తరు!” అని కసిరాడు.

చివరికి సోడాబండి తోసుకుపోతున్న కుర్రాడొకడు, “నా బండెనక రండమ్మా” అన్నాడు. ఆ బండి చాటున అవతలికి చేరాం.

ఆ స్కూటరాయన మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆయన ట్రాఫిక్, మేం అడ్డం! ఎప్పటి నుంచి?

చార్మినార్ కట్టింది 1591లో. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఊళ్ళోని పెద్ద వీధులు అక్కణ్ణించే బయలుదేరతాయి. మనుషుల నడకకూ, పల్లకీకీ, గుర్రానికీ, ఎడ్లబండికీ సరిపడేట్టు వేసిన వీధులవి. 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. పత్తర్‌గట్టి రాతి దుకాణాలు ఆ బోర్డు చలవే. దుకాణాల ముందు కమానుల వసారా చూశారా? నడిచేవాళ్ళకు ఎండా వానా తగలకుండా వేసింది. రోడ్డు బాగుచేస్తూ కూడా నడిచే మనిషిని మరచిపోలేదన్నమాట. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. బస్సు మీద నాకు కోపం లేదు. నలభైమందిని ఎక్కించుకునే బస్సు మనందరి బండి.

కోపమల్లా ఆ తర్వాత జరిగినదాని మీద. స్కూటర్లు పెరిగాయి, కార్లు పెరిగాయి. ఊరేదైనా సరే, పాత బజారులో ఇరుకు ఎక్కువైన ప్రతిసారీ పెద్దలకు తోచింది ఒకటే. రోడ్డు వెడల్పు చెయ్యి. ఫుట్‌పాత్ నరుకు. వన్ వే పెట్టు. మధ్యన కంచె వెయ్యి. నడిచేవాళ్ళేమో మెట్లెక్కి వంతెన మీంచి దిగాలి! మోకాళ్ళు నెప్పులని మూలిగే అత్తగారు నలభై మెట్లెక్కాలి, పెట్రోలు తాగే బండి మాత్రం బల్లపరుపుగా పోవాలి. ఇదేం న్యాయమండీ?

పూర్వులకు ఈ మాత్రం తెలియకపోలేదు. రెండువేల ఏళ్ళ కిందటే, జూలియస్ సీజరు పేరున వచ్చిన చట్టం పగటిపూట రోము వీధుల్లోకి సరుకు బండ్లు రాకూడదంది, కొన్నిటికి మాత్రమే మినహాయింపు. లండనులో పార్లమెంటు ముందు 1868లో పెట్టిన గ్యాసు దీపాల సిగ్నలు దేనికనుకున్నారు? మనుషులు క్షేమంగా దాటడానికి! పాపం, నెల తిరక్కుండానే పేలిపోయింది. మన సిగ్నళ్ళు పేలలేదు గాని, ఎందుకు పుట్టాయో మరచిపోయాయి. 1962లో కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ అనే బజారు వీధిలోకి కార్లు రాకుండా ఆపితే, వ్యాపారాలు మునిగిపోతాయని దుకాణదారులు గోలపెట్టారు. మునగలేదు సరికదా, బేరాలు పెరిగాయి. 1975లో సింగపూరు, రద్దీ వేళ నగరం నడిబొడ్డుకొచ్చే కార్ల దగ్గర రోజుకు మూడు డాలర్లు వసూలు చేసింది. కార్లు వాటంతటవే తగ్గాయి.

అంటే పాత ఊరికి పనిచేసిన మందు ఒక్కటే. బండ్లకు దారి వెదకడం కాదు, బండ్లను తగ్గించడం.

చార్మినార్ దగ్గరా ఆ మందు వేశారు. చుట్టూ బండ్లు లేకుండా చెయ్యాలన్న ఆలోచన 1990లలో పుట్టింది. 2010ల చివరికిగాని ఒక కొలిక్కి రాలేదు. రాళ్ళు పరిచిన ఆ మేర చేరాక మా అత్తయ్య నా చెయ్యి వదిలేసింది. తల పైకెత్తి మినార్లు చూసింది. గాజులకని వెళ్ళిన మనిషి ముత్యాల దండా, అత్తరు సీసా కూడా బేరమాడి కొంది. మదీనా దగ్గర ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు కొన్నదా ఏమన్నా? దుకాణదారులూ, కాస్త ఆలోచించండి. స్కూటరు మీద దూసుకుపోయేవాడు మీ గాజుల వంక చూడనైనా చూడడు. నడిచేదే కొంటుంది.

తోపుడుబళ్ళవాళ్ళను తీసేస్తే అంతా సర్దుకుంటుందనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. దారికి ఓ పక్కన జామకాయలమ్మే మనిషికి రెండు గజాల చోటు చాలు, ఆ చోటుతో ఒక సంసారం గడుస్తుంది. ఆమెకో స్థలం గీసివ్వండి. కదలక మెదలక సాయంత్రం దాకా నిలబడే కారుకెంత చోటు కావాలో, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందో కూడా లెక్క వెయ్యండి.

లెక్కంటే గుర్తొచ్చింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నడిచేవాళ్ళు 32,825. ఐదుగురిలో ఒకరు! అడ్డంకి లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. మనం కాళ్ళతో నడవడానికి కూడా సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. పాత బజారులో బండ్లు లెక్కపెట్టేవాళ్ళు, పక్కనే నడిచేవాళ్ళనూ లెక్కపెట్టండి. ముసలమ్మ నడకకు సరిపడా దాటే సమయమివ్వండి. కూర్చోడానికో అరుగు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించండి. సెంటరు దాకా బస్సు రానివ్వండి. కార్లను బయటే నిలబెట్టండి. కారులో వచ్చేవారు కూడా దిగితే నడిచేవాళ్ళేగా!

ఊరికి తిరిగొచ్చాక అత్తయ్య ఇరుగమ్మకూ పొరుగమ్మకూ గాజులు చూపిస్తూ కథంతా చెప్పింది. చివర్న అంది కదా, “చార్మినారుకేందమ్మే, నిక్షేపంగా ఉండాది. దాని దగ్గిరికి పొయ్యే దోవకే మనిషంటే లెక్క లేదు.”

ఇంతకంటే నేను చెప్పగలిగిందేముంది?