బరువు తగ్గించే సూదిమందు ఎవరికి?

2025లో మౌంజారో, వెగోవీ మన దేశపు విపణికి వచ్చినది మొదలు, ఈ సూదిమందులు వాడవచ్చునా అని నన్ను అడిగేవారు ఎక్కువయ్యారు. ఆయుర్వేద వైద్యుడు వద్దనే అంటాడని వారి ఊహ. నేను అలా అనను.

చరకుడు సూత్రస్థానంలో స్థూలకాయునికి చెప్పిన దోషాలలో తీరని ఆకలి ఒకటి. మేదస్సు మార్గాలను అడ్డగించగా వాయువు కోష్ఠంలోనే సంచరించి జఠరాగ్నిని రగిలిస్తుంది. తిన్నది త్వరగా జీర్ణమై మళ్లీ ఆకలి వేస్తుంది. కొత్త మందులు కూడ ప్రధానంగా ఆకలినే అణచుతాయి. కనుక స్థూలకాయుని తిండిపోతని నిందించడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

బి.ఎం.ఐ. 30, ఆపైన ఉన్నవారికి, లేదా 27 ఉండి మధుమేహమో రక్తపోటో తోడైనవారికి ఇవి ఉద్దేశించబడినవి. పెళ్లినాటికి నాలుగు కిలోలు తగ్గదలచిన అమ్మాయికి కాదు. గర్భిణులకు కూడదు, సంతానం కోరే స్త్రీ సెమాగ్లుటైడ్‌ను కనీసం 2 నెలల ముందే మానాలి. కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు వాడరాదు. క్లోమం వాపు వచ్చినవారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు.

నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది మానిన తరువాతి మాట. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో సెమాగ్లుటైడ్ మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఎన్నేళ్లు వాడగలరో, ఖర్చు భరించగలరో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే ఆలోచించండి.

సూదికి భయపడి "మూలికల" పొట్లాలు కొనేవారికీ ఒక మాట. 2011లో మన దేశం నిషేధించిన సిబుట్రమిన్‌ను అటువంటి చూర్ణాలలో రహస్యంగా కలిపిన ఉదంతాలున్నాయి. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య లేని పొట్లాన్ని ఇంటికి తేకండి.

సూదిమందు వాడుతూ నా వద్దకు వచ్చేవారిని మానమనను. తిండి తగ్గినప్పుడు కండ కూడ కరుగుతుంది గనుక పెసరకట్టు, ఉలవచారు, చిక్కని పప్పు, పొద్దుటి నడక విడువవద్దంటాను.