తేనెటీగకు శత్రువెవరు?

కొన్ని సంవత్సరముల క్రిందట నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండిన పాఠశాల తోటలో రెండు తేనెటీగల పెట్టెలు ఉండెడివి. వానిని ఒక కానుగచెట్టు నీడ నుంచి, పిల్లలును నేనును ముచ్చటతో చూచుకొనుచుంటిమి. ఒక పెట్టెలో ఈగలు దట్టముగా నుండెను. రెండవ దానిలో మొదటినుండియు కొంత పలుచగా నుండెను. వేసవి సెలవులు వచ్చినవి. పెట్టెలను కనిపెట్టి యుండుమని ఎవ్వరికిని చెప్పక నేను ఊరికి పోతిని. జూను మాసమున బడి తెఱచిన నాడు పిల్లలు పరుగెత్తి పోయి మూతలు తీసిరి. మొదటి పెట్టెలో ఈగలు తగ్గినను బ్రతికియున్నవి. రెండవ దానిలో ఒక్క ఈగయు లేదు. పట్టులన్నియు సాలెగూళ్ల వంటి దారములతో అల్లుకొనిపోయి, వాని నడుమ తెల్లని పురుగులు మెదలుచుండెను.

“మాస్టారూ! ఈగలు ఎండకు పోయినవా, పురుగు వలన పోయినవా అండీ?” అని ఒక బాలిక అడిగెను. నాడు నేను సమాధానము చెప్పలేకపోతిని. తరువాత చదివియు, పెద్దల నడిగియు తెలిసికొన్న దానిని ఇప్పుడు చెప్పుచున్నాను.

ఆ పెట్టెలో చేరినది మైనపు పురుగు. బూడిదరంగు చిమ్మెట ఒకటి రాత్రివేళ పెట్టెలో దూరి, సందులయందు వందలకొలది గ్రుడ్లు పెట్టును. వాని నుండి వచ్చిన పురుగులు మైనమును, పుప్పొడిని, అఱలలో ఈగపిల్లలు విడిచిన పొరలను తినుచు పట్టును తొలిచివేయును. మనకు వలె ఈ పురుగునకు స్థిరమైన శరీరోష్ణము లేదు. చుట్టునున్న వేడిని బట్టియే దాని పెరుగుదల యుండును. 24 మొదలు 27 డిగ్రీల వెచ్చదనములో దాని గ్రుడ్డు సుమారు ఒక వారములో పగులును. 10 మొదలు 16 డిగ్రీల చలిలో నెల దాటినగాని పగులదు. గ్రుడ్డు చిమ్మెట యగుటకు వెచ్చని తావున ఆరు వారములు చాలును. చల్లని తావున ఆరు మాసములు పట్టవచ్చును. మంచు కురియు దేశములలో, గడ్డకట్టించు చలి విడిపట్టులలోని గ్రుడ్లను, పురుగులను చంపి తేనెటీగలకు మేలు చేయుచుండెను. శీతకాలమున చలి తగ్గినకొలది ఆ మేలును తగ్గిపోవుచున్నది.

భూమి వేడెక్కుచున్నదనుట నేడు సందేహము లేని మాట. 2024వ సంవత్సరమున ప్రపంచపు సగటు ఉష్ణోగ్రత, 1850–1900 సంవత్సరముల నడిమి సగటు కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ అధికముగా నుండెను. ఈ వేడిమి వలన లాభము పొందగల మఱియొక పురుగు కలదు. అది ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణమున పుట్టిన ఒక చిన్న నల్లని పెంకు పురుగు. దాని పిల్లలు తేనెను, పుప్పొడిని, ఈగపిల్లలను తినుచు తేనెను పులియజేయును. పెరిగిన పిమ్మట పట్టును విడిచి నేలలో దూరి, అచ్చట రూపు మార్చుకొనును. అందులకు నేల వెచ్చగాను, కొంత తడిగాను ఉండవలెను. ఈ పురుగు 1998లో అమెరికాలోని ఫ్లోరిడాలోను, 2002లో ఆస్ట్రేలియాలోను, 2014లో ఇటలీలోను కనుపించెను. నేల వేడెక్కినకొలది ఇది బ్రతుకగల ప్రదేశములు హెచ్చునని 2019లో వెలువడిన యొక పరిశోధన తెలుపుచున్నది. ఐనను వేడి ఎంత పెరిగిన పురుగు అంత పెరుగునని తలపరాదు. నేల మిక్కిలి యెండిన ఈ పెంకు పురుగు బ్రతుకజాలదు. 46 డిగ్రీల వేడిలో గంటకు పైగా నుంచిన మైనపు పురుగును చచ్చును.

ఇక తేనెటీగ సంగతి చూడుడు. పిల్లలున్న పట్టును 34, 35 డిగ్రీల వేడిలో నిలుపుటకు కూలి ఈగలు రేయింబవళ్లు పాటుపడును. ఎండ ముదిరినపుడు అవి నీరు తెచ్చి, అఱల యంచులపై పలుచగా పఱచి, ఱెక్కలతో విసరి చల్లబఱచును. నీటికై పోవు ఈగలు పూవులకు పోజాలవు. అదియునుగాక, ఎండలు ముదిరిన దినములలో పూవులును తక్కువ. మేత తగ్గిన రాణి ఈగ పెట్టు గ్రుడ్లు తగ్గును; గుంపు పలుచబడును; కావలి లేని పట్టు బయటపడును. చిమ్మెటకు కావలసినది అదియే. పుట్ట తేనెటీగలని రైతులు పిలుచు మన దేశపు టీగలు, పురుగు బాధ మితిమీరినచో పట్టును విడిచి లేచిపోవును గూడ.

ఇదంతయు విని కొందఱు, “ఎండ చేసిన పనికి మనమేమి చేయగలము?” అందురు. ఈ మాటను నేను ఒప్పుకొనను. మా బడిలోని రెండు పెట్టెలకును ఎండ యొక్కటియే, పురుగును ఒక్కటియే. గుంపు బలముగా నున్న పెట్టె నిలిచినది, బలహీనమైనది నశించినది. ఆఫ్రికాలో ఆ పెంకు పురుగు తరతరములుగా నున్నను, అచ్చటి తేనెటీగలు దానిని మూలకు తఱిమి, చెట్లబంకతో చుట్టును గోడ కట్టి బంధించును. అది సముద్రములను దాటినది తన ఱెక్కలతో గాదు, మనుష్యుల రాకపోకలతో. జపాను దేశపు తేనెటీగలు మన పుట్ట తేనెటీగల జాతివే. పెద్ద కందిరీగ పట్టుపై పడినపుడు అవి వందలకొలది దానిని చుట్టుముట్టి, తమ దేహములతో సుమారు 47 డిగ్రీల వేడి పుట్టించి చంపును. పది యీగలు చేయలేని పనిని వందల యీగలు చేయును.

కాబట్టి మన యత్నమంతయు గుంపును బలముగా నుంచుటయందు ఉండవలెను. పెట్టెకు నీడ యుండవలెను. దగ్గఱ పళ్లెములో గులకరాళ్లు వేసి నీరు పోయవలెను. పూవులు లేని దినములలో చక్కెర పానకము పెట్టవలెను. ఈగలు కప్పలేని ఖాళీ పట్టులను తీసివేసి, పెట్టె అడుగును శుభ్రపఱచి, పగుళ్లను మూసివేయవలెను. కానుగ, వేప, చింత, మునగ వంటి చెట్లను పెంచవలెను. చేలు పూతమీద నుండగా విషపు మందులు చల్లరాదు. చెట్లు పెంచుట ఈగకు మాత్రమే కాదు, వేడెక్కుచున్న నేలకును మేలు.

మైనపు పురుగును ద్వేషింప బనిలేదు. ఈగలు విడిచిపోయిన పాత పట్టులను అడవిలో తిని శుభ్రము చేయునది అదియే. అది తన పని తాను చేసినది.

ఆ బాలిక యిప్పుడు నన్ను అడిగినచో ఇట్లు చెప్పుదును: “అమ్మా! ఎండ గుంపును పలుచన చేసినది. పురుగు పట్టును తిన్నది. కనిపెట్టి యుండవలసిన నేను ఊరికి పోతిని. ఎండను నేను ఒక్కనాటిలో తగ్గింపలేను. పురుగు బుద్ధిని మార్పలేను. సెలవులలో నీళ్ల పళ్లెము నింపుమని ఎవ్వరికైన చెప్పి పోవుట మాత్రము నా చేతిలోని పనియే.”