గాలి దూరని జాలీ

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మసీదు బయట ఒక కొత్త కారు చుట్టూ జనం మూగారు. అందరి నోటా మాషాఅల్లాహ్. నేనూ అన్నాను, నజర్ తగలకూడదు కదా. తర్వాత ముందు బంపర్‌కి రెండు పక్కలా చేప మొప్పల్లా నల్లగా ఉన్న జాలీలో వేలు పెట్టాను. అర అంగుళం కూడా పోలేదు. వెనక ప్లాస్టిక్ గోడ. గాలి మాట అటుంచండి, చీమ కూడా దూరదు.

"అది షో కోసం మామూ" అన్నాడు మా భాంజా నవ్వుతూ. తెలిసే మెచ్చుకుంటున్నాడన్నమాట. నాకు కోపం వచ్చింది అక్కడే.

మన పెద్దలకి జాలీ అంటే ఒక పని. పాత హవేలీల్లో, దర్గాల్లో రాయి చెక్కి జాలీ పెట్టారంటే లోపలికి గాలి రావాలి, వెలుతురు రావాలి, పరదా కూడా ఉండాలి. దాని ఖూబ్‌సూరతీ ఆ పనిలోంచే పుట్టింది. కారుకైనా అంతే. వేగంగా పోయే కారుకి ఇంజిన్ వేడెక్కుతుంది, బ్రేకులు కాలతాయి. చల్లగాలి కోసం చిల్లులు పెట్టారు. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌ని ఇవాళ్టికీ అందమైన కారు అంటారు. దాని ఒంపులు గీసిన మాల్కం సేయర్ విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. గాలి లెక్కలు వేసి గీశాడు.

వెనక రెక్క కథా ఇంతే. 1998లో ఆడి టీటీ కారు నున్నగా, రెక్క లేకుండా వచ్చింది. జర్మనీ హైవేల మీద విపరీతమైన వేగంలో వెనక భాగం తేలిపోయి ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. కంపెనీ అమ్మిన కార్లని వెనక్కి పిలిచి మరీ రెక్క బిగించింది. జాన్ కాపాడే రెక్క అది. మన నెహ్రూ చౌక్‌లో ఆటోల మధ్య, చెరుకు ట్రాక్టర్ వెనక పాకుతూ పోయే కారుకి ఆ రెక్క దేనికండీ? బట్టలారేసుకోవడానికా?

ఈ బీమారీ చవక కార్లకే అనుకోకండి. నిజంగా రేసు దమ్మున్న హోండా సివిక్ టైప్-ఆర్‌కే 2017లో బంపర్ల మీద పెద్ద పెద్ద నకిలీ జాలీలు పెట్టారు. లోకమంతా వెక్కిరించింది. 2022లో కొత్తది వచ్చేసరికి తీసేశారు. 2019 టొయోటా సుప్రాకీ అదే తంతు. చిల్లులున్నాయి, వాటికి మూతలున్నాయి. రేసుకి వాడేవాళ్ళు మూతలు తీసుకోవచ్చని కంపెనీ జవాబు. అసలైన పహిల్వానే పైనుంచి దూది కండలు కట్టుకుంటే, మన ఊరి ఫ్యామిలీ కారు కట్టుకోదా? బ్యాటరీ కారుకి ఇంజినే లేదు, అయినా కొన్నిటికి మొహం మీద గ్రిల్ బొమ్మ!

ఉత్త దిఖావా అయితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ వేషానికి ఇంటిల్లిపాదీ ఖర్చు పెట్టుకుంటున్నారు, డబ్బు ఒక్కటే కాదు. వెనక్కి జారిన కప్పు కావాలి, కాబట్టి వెనక అద్దం సన్నటి పట్టీ అవుతుంది. నడుము పైకెత్తినట్టు కనబడాలి, కాబట్టి కిటికీ పైకి పోతుంది. మా అమ్మీ అలాంటి కారులో వెనక కూర్చుని వైజాగ్ దాకా వచ్చింది. దిగాక "ఖబర్‌లో కూర్చున్నట్టుంది బేటా" అంది. పాత అంబాసిడర్ కిటికీలోంచి ఆమెకి శారదా నది కనబడేది, బొజ్జన్నకొండ వైపు పొలాలు కనబడేవి. ఇక రివర్స్ తీసేటప్పుడు కారు వెనక ఆడుకునే చిన్న పిల్ల డ్రైవరుకి ఎలా కనబడుతుంది? కెమెరా ఉందిగా అంటారు. కన్ను పొడిచి కళ్ళజోడు అమ్మడం కాదా ఇది? పెద్ద చక్రం, సన్న టైరు సంగతి మన గుంతల రోడ్లనే అడగండి. హెడ్‌లైట్లు తెచ్చి బంపర్‌లో పెట్టారు, ఎవడో స్కూటర్‌తో గుద్దితే బంపరూ లైటూ కలిపి పోతాయి.

అనకాపల్లి వాడికి రంగు మోసం కొత్త కాదు. బెల్లం పసుపుపచ్చగా మెరవాలని హైడ్రోస్ కలుపుతారని ఇక్కడ పిల్లాడికీ తెలుసు. మార్కెట్‌లో నల్ల బెల్లానికి రేటు తక్కువ, ఇంట్లో తినడానికి మాత్రం తెలిసినవాడు నల్లదే పట్టుకెళ్తాడు. బెల్లం దగ్గర ఉన్న అఖల్ షోరూంలో ఏమైపోతుంది?

అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడు కదా మామూ, అంటాడు భాంజా. నిజమే, హదీస్ ఉంది. మంచి బట్టలు, మంచి చెప్పులు తొడుక్కుంటే తప్పా అని అడిగిన మనిషికి వచ్చిన జవాబు అది. నేను అందానికి దుష్మన్‌ని కాను. ఎర్ర కారు కొనుక్కో, మెరిసేలా తుడుచుకో. కానీ లేనిది ఉన్నట్టు చూపించుకునేవాణ్ణి రసూలుల్లాహ్ (స) రెండు అబద్ధపు బట్టలు తొడుక్కున్నవాడితో పోల్చారని బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. లేని వేడికి చిల్లు, లేని వేగానికి రెక్క. ఇక్కడా రెండే, చూశారా!

ఇంత కోపం ఎందుకంటారా? మా భాంజాకి చోడవరంలో రిష్తా కుదిరింది. పిల్ల అబ్బా టైలరు. "వాళ్ళే ఖుషీతో కారు ఇస్తామంటున్నారు" అంటోంది మా ఆపా. ఏ మోడల్, ఏ రంగు, రెక్క ఉన్నదా లేనిదా అని అటువైపు ఖుషీకి ఇటునుంచి వాట్సాప్‌లో ఫోటో వెళ్ళింది. మామూలు మోడల్‌కీ, ఈ స్పోర్టీ వేషానికీ మధ్య ఉన్న తేడా డబ్బు ఆయన ఎన్ని షేర్వానీలు కుడితే వస్తుంది? చేతిలో లేకపోతే సూద్ మీద తెస్తాడు. లేని జేబుకి ఫ్లాప్ కుట్టి ఇస్తే గిరాకీ ఆయన మొహాన కొడతాడు. అలాంటి మనిషి చేత గాలి దూరని జాలీ కొనిపిస్తున్నాం మనం. దానికి జహేజ్ అని పేరు పెట్టడానికి కూడా సిగ్గుపడి తోఫా అంటున్నాం.

ఆదివారం చోడవరం వెళ్తున్నాం. అక్కడ కారు మాట వస్తే దస్తర్‌ఖాన్ ముందునుంచి లేచి వచ్చేస్తానని ఆపాకి చెప్పేశాను. మూడు రోజులైంది, ఆపా ఫోన్ ఎత్తడం లేదు. భాంజా మాత్రం నిన్న రాత్రి ఒక మెసేజ్ పెట్టాడు: "రెక్క లేనిదైతే ఓకేనా మామూ?"

జవాబు ఇంకా ఇవ్వలేదు.