ఆస్పత్రి పొరపాటు ఖర్చు రోగి బిల్లులో ఎందుకు?



ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇంటికి పంపిస్తామన్న మనిషికి మూడో రోజున కుట్ల దగ్గర చీము కనిపిస్తుంది. జ్వరం వస్తుంది. చీమును కల్చర్ పరీక్షకు పంపుతారు, యాంటీబయాటిక్ మారుస్తారు, కుట్లు విప్పి లోపల కడిగి మళ్లీ కట్టు కడతారు, జాగ్రత్త కోసమని రెండు రోజులు ఐసీయూలో ఉంచుతారు. నాలుగు రోజుల్లో అయిపోవాల్సింది రెండు వారాలు దాటుతుంది. డిశ్చార్జి రోజున చేతికిచ్చే బిల్లులో గది అద్దె, నర్సింగ్ చార్జీలు, డ్యూటీ డాక్టరు విజిట్లు, గ్లోవ్స్, సిరంజిలు, ఇంజెక్షన్లు అన్నీ వరసగా ఉంటాయి. చీము ఎందుకు పట్టిందో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. పరికరాలు సరిగా స్టెరిలైజ్ చేయక పట్టినా సరే, పెరిగిన మొత్తం కట్టాల్సింది రోగి ఇంటివాళ్లే. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఈ పద్ధతి మారాలి. జరగకుండా ఆపగలిగిన తప్పు ఆస్పత్రిలో జరిగితే, దాన్ని సరిదిద్దే ఖర్చు ఆస్పత్రే పెట్టుకోవాలి. రోగి దగ్గర గానీ, బీమా కంపెనీ దగ్గర గానీ, ప్రభుత్వ పథకం దగ్గర గానీ అందుకోసం ఒక్క రూపాయి తీసుకోకూడదు.

ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వైద్యం కోసం వెళ్లిన ప్రతి పదిమందిలో ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా నివారించదగినదే. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 2017 నివేదికలో, తమ దేశాల ఆస్పత్రుల ఖర్చులో దాదాపు 15 శాతం ఇలాంటి హాని వల్లే అవుతోందని తేల్చింది. అక్కడ ఆ భారాన్ని చాలావరకు ప్రభుత్వాలు, బీమా సంస్థలు మోస్తాయి. మన దగ్గర జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు సొంత జేబులోంచి పెట్టిందే. అందుకే ఆస్పత్రిలో జరిగిన పొరపాటు ఇక్కడ ఇంటి మీద అప్పుగా, తాకట్టులోకి వెళ్లిన బంగారంగా, ఆగిపోయిన పిల్లల చదువుగా మారుతుంది.

ఒక తప్పు ఎంత ఖరీదైనదో హైదరాబాద్‌లోనే ఒక కేసు చెబుతుంది. 1990 అక్టోబరులో 20 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ప్రభుత్వ ఆస్పత్రి నిమ్స్‌లో ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. బయాప్సీకి మాత్రమే సమ్మతి తీసుకుని కణితి మొత్తం తొలగించారు. న్యూరోసర్జన్‌ను పిలవలేదు. ఆ కుర్రాడికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 1999లో జాతీయ వినియోగదారుల కమిషన్ 15 లక్షల 50 వేలు ఇప్పించింది. సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలోనే కూర్చుని ఆయన తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మేలో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచి, వడ్డీ కూడా ఇవ్వమంది. ఆ తీర్పులో నర్సుకు నెలకు 4 వేలు, డ్రైవరుగానూ సహాయకుడిగానూ ఉండే మనిషికి 2 వేలు, ఫిజియోథెరపీకి 3 వేలు చొప్పున 30 ఏళ్లకు లెక్క కట్టారు. నర్సు ఖర్చు ఒక్కటే 14 లక్షల 40 వేలు అయింది. ఒక న్యూరోసర్జన్‌ను ముందుగా పిలిచి ఉంటే ఈ లెక్కలో చాలా భాగం రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో. నిమ్స్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ కోటి రూపాయలు కూడా చివరికి ప్రజల డబ్బే.

అందరికీ కోటి రాదు. 2002 జూలైలో హైదరాబాద్‌లో మలేరియా విభాగంలో పనిచేసే ఒక అధికారి చలిజ్వరంతో ఉన్న తన భార్యను ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. ఆమెకు వచ్చింది మలేరియా. తర్వాత వేరే ఆస్పత్రికి మార్చినా ఆమె దక్కలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం, కట్టిన 10 వేలు వాపసు ఇవ్వమంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర, జాతీయ కమిషన్లు ఆ తీర్పును పక్కన పెట్టాయి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదంటూ 2010 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2 లక్షల కోసం ఒక కుటుంబం దాదాపు ఎనిమిదేళ్లు తిరిగింది. కోల్‌కతాలో 1998లో మొదలైన వైద్యంలో ప్రాణం పోయిన మహిళ కేసులో 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల పరిహారం ఇచ్చింది. పట్టు వదలకుండా పోరాడిన ఆమె భర్త స్వయంగా వైద్యుడు. కూలి పని చేసుకునే మనిషి పదిహేనేళ్లు ఆ పోరాటం చేయలేడు.

కాబట్టి కోర్టు తీర్పుల మీద ఆధారపడితే ఆస్పత్రులు మారవు. మార్పు రావాల్సింది బిల్లు వేసే చోట.

ఎందుకంటే నేటి ఏర్పాటులో తప్పు జరిగినప్పుడే ఆస్పత్రికి ఎక్కువ రాబడి. ఇది ఎవరి మీదా వేస్తున్న నింద కాదు, లెక్క తేలిన సంగతి. అమెరికాలో 12 ఆస్పత్రులున్న ఒక సంస్థలో 2010లో ఆపరేషన్లు చేయించుకున్న 34,256 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించి 2013లో ప్రచురించారు. ప్రైవేటు బీమా ఉన్న రోగికి ఆపరేషన్ తర్వాత ఏ చిక్కూ రాకపోతే ఆస్పత్రికి సగటున 16,936 డాలర్లు మిగిలాయి. చిక్కు వస్తే 55,953 డాలర్లు మిగిలాయి. ఏ డాక్టరూ డబ్బు కోసం రోగికి చీము పట్టించడు. కానీ ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి పెట్టే ప్రతి రూపాయీ రాబడికి గండి కొట్టేలా ఉంటే, ఆ రూపాయిని మంజూరు చేయడానికి యాజమాన్యం చెయ్యి ముందుకు రాదు.

అదే దేశం ఒక దారి కూడా చూపించింది. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2008 అక్టోబరు 1 నుంచి కొన్ని తప్పులకు అదనంగా చెల్లించడం మానేసింది. కడుపులో పరికరం మరచిపోవడం, వేరే గ్రూపు రక్తం ఎక్కించడం, ఆస్పత్రి మంచం మీదే తీవ్రమైన పుండ్లు పడటం ఆ జాబితాలో ఉన్నాయి. మన దగ్గరా ఈ ఆలోచనకు పునాది పడింది. ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో చికిత్స సమయంలో తలెత్తే ఇబ్బందులకు వైద్యం, డిశ్చార్జి తర్వాత 15 రోజుల పర్యవేక్షణ కలిసే ఉంటాయి. ఆ పథకం కార్డు మీద చేరిన రోగికి వర్తించే న్యాయం పక్క గదిలో నగదు కట్టి చేరిన రోగికి ఎందుకు వర్తించకూడదు?

ఖర్చు తమ మీద పడితే రేట్లు పెంచాల్సి వస్తుందని ఆస్పత్రులు అనవచ్చు. తప్పును సరిదిద్దే ఖర్చు ముందు దాన్ని ఆపే ఖర్చు ఏపాటిది? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో 2003 నుంచి ఒక చిన్న చెక్‌లిస్టు అమలు చేశారు. మెడ దగ్గర పెద్ద నరానికి గొట్టం వేసేముందు చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా స్టెరైల్ గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసేయడం లాంటివే అందులో ఉన్నాయి. ఏడాదిన్నరలో ఆ గొట్టాల వల్ల రక్తంలో చేరే ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన 19 అంశాల ఆపరేషన్ చెక్‌లిస్టును ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి. దానికి కావలసింది ఒక కాగితం, దాన్ని పైకి చదివే ఒక మనిషి, రెండు మూడు నిమిషాల సమయం.

ఇక మన వార్డుల్లోకి వస్తే, చేతికి క్యాన్యులా పెట్టినప్పుడు ప్లాస్టరు మీద తేదీ, వేళ రాయాలని నర్సింగ్ విద్యార్థులందరికీ నేర్పుతారు. చాలా ప్లాస్టర్లు ఖాళీగానే కనిపిస్తాయి. నాలుగైదు రోజులకు నరం తాడులా గట్టిపడి ఎర్రగా వాచాక, థ్రాంబోఫోబ్ అనే పూత మందు ట్యూబు తెమ్మని అటెండెంటు చేతిలో చీటీ పెడతారు. ఆ ట్యూబు డబ్బూ రోగిదే. రాత్రి డ్యూటీలో ముప్పై నలభై మందిని ఒక్క సిస్టరుకు అప్పగించిన యాజమాన్యం ఆ ఖాళీ ప్లాస్టరు తప్పును ఆమె మీదకు నెట్టడం అన్యాయం. ఖర్చు తన మీద పడిన రోజున యాజమాన్యమే ఇంకో సిస్టరును పెట్టుకుంటుంది.

నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్తుందో 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో చూశాం. కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే రోజు 34 మంది మహిళలకు ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందిని హైదరాబాద్‌లోని నిమ్స్‌కూ, అపోలోకూ తరలించి వైద్యం చేయించాల్సి వచ్చింది. ఒక్క రోజు పనిని అంత హడావుడిగా ముగించినందుకు ఖజానా కట్టిన మూల్యం అది. తల్లులు పోయిన పిల్లలకు జరిగిన నష్టానికైతే ఏ లెక్కా చాలదు.

తప్పు ఒప్పుకుంటే డబ్బు పోతుందని కేస్ షీట్లే మార్చేస్తారన్న భయం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. అందుకే ఆస్పత్రి డబ్బు తీసుకోకూడని తప్పుల జాబితాలో వాదనకు తావులేనివే ఉండాలి. లోపల మరచిన గుడ్డ, తప్పు గ్రూపు రక్తం, కుడికి బదులు ఎడమ వైపు ఆపరేషన్ లాంటివి. వాటిని బయటపెట్టిన సిబ్బందికి శిక్ష ఉండకూడదు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రి 2001 నుంచి తప్పును తానే రోగికి చెప్పి పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాక దావాలూ వాటి ఖర్చూ తగ్గాయి. మన ఊళ్లలో ఆస్పత్రి అద్దాలు పగలడానికీ, డాక్టర్ల మీద చేయి చేసుకోవడానికీ ఒక పెద్ద కారణం ఏం జరిగిందో ఎవరూ చెప్పకపోవడమే. ఆ దాడులు తప్పే. ఆ మౌనం కూడా తప్పే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టులు ఇలాంటి జాబితాను ప్రకటించి, ఆ తప్పుల వైద్యానికి ఏ రోగి నుంచీ డబ్బు తీసుకోబోమని రాసిచ్చిన ఆస్పత్రులనే తమ పథకాల్లో ఉంచుకోవాలి. రెండు ప్రభుత్వాలనూ ఈ మాట గట్టిగా అడగాలని మీ పత్రికకు విన్నపం. పాఠకులు మాత్రం అప్పటిదాకా ఆగనవసరం లేదు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఆస్పత్రి కేస్ షీట్ నకళ్లు ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు కేస్ షీట్ నకలు కూడా కాగితం మీద రాసి అడిగి తీసుకోండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, హనుమకొండ